ఆలేరు కంప్యూటర్ పూజలో ఉండగా

మా నేతగాళ్ళ సంఘంలో ఒక కథ ఉంది. కొత్తగా ఉద్యోగంలో చేరినవాళ్ళకు పాతవాళ్ళు మొదటి వారంలోనే అది చెప్తారు. నల్లగొండ ఆఫీసులో ఒకప్పుడు ఒక కంప్యూటర్ ఆపరేటరమ్మ ఉండేదట. దసరాకు కంప్యూటర్ దులపమంటే, పెద్దల కాలం నుంచి కూడబెట్టిన డిజైన్లన్నీ తుడిచి పారేసిందట. అప్పటి మేనేజరు ఆలేరుకు ఉరికి, అక్కడి కంప్యూటర్‌లో మిగిలిన వాటిని కాపాడి తెచ్చాడట.

ఆ మేనేజర్‌ను నేనే. ఆలేరుకు పోయిన మాట నిజం. కాపాడి తెచ్చిన మాటా నిజం. తుడిచింది మాత్రం ఆమె కాదు, నేను.

ఇన్నేళ్ళు ఎందుకు చెప్పలేదని ఎవరైనా అడిగితే భయపడ్డానని అనొచ్చు. అది సగం జవాబే. ఆ కథలో నాకు మంచి జాగా దొరికింది. ఊరికే దొరికిన జాగాను ఖాళీ చేయాలని ఎవరికి బుద్ధి పుడుతుంది?

తెలంగాణ రాష్ట్రం వచ్చిన కొత్తలో మాట ఇది. సంఘానికి పెద్దాఫీసు నల్లగొండలో ఉండేది. నూలుకు రంగులద్దే షెడ్డు ఆలేరు దగ్గర. ఆత్మకూర్‌లో ఒకటి, కొల్లాపూర్‌లో ఒకటి చీరల సెంటర్లు. డిజైన్ అంటే గళ్ళ కాగితం మీద ఒక్కో గడికి రంగు నింపి గీసిన బొమ్మ. దాన్ని చూసే నూలుకు ఎక్కడ ముడి వేయాలో, ఎక్కడ రంగు ఆపాలో లెక్క కట్టేవాళ్ళు. ఆ కాగితాన్ని ఒక చోటి నుంచి మరో చోటికి పంపాలంటే ప్లాస్టిక్ పైపులో చుట్టి, రెండు దిక్కులా గుడ్డ కుక్కి, బస్సు కండక్టర్ చేతిలో పెట్టేవాళ్ళం. ఒకసారి కొల్లాపూర్ పైపు దిగాల్సిన చోట దిగక ఏదో డిపోలో నెల రోజులు పడుకుంది. ఎవరో దాన్ని బోరు పైపు ముక్క అనుకొని పక్కన పడేశారు.

దానికి తోడు చెద. మా సంఘం అధ్యక్షుడు పెద్ద వయసు నేతగాడు. సగం డిజైన్లు ఆయన చేత్తో గీసినవే. చూపు మందగించి ఇక గీయలేని స్థితికి వచ్చాడు. ఆయన కాగితాలు పెట్టిన చెక్కపెట్టెకు ఒక వానాకాలం చెద పట్టింది. మిగిలిన వాటిని ఆపరేటరమ్మ ఒక్కొక్కటీ ఫోటో తీసి కంప్యూటర్‌లో ఎక్కించింది. పాలమూరు పిల్ల. పెండ్లయి నల్లగొండకు వచ్చింది. మా దగ్గర కాంట్రాక్టు మీద పనిచేసేది. ఆ పని ముగిసే నాటికి చాలా కాగితాలు ముట్టుకుంటే పొడిపొడిగా రాలిపోయే స్థితిలో ఉన్నాయి. అంటే ఆయన జీవితమంతా గీసింది ఇక ఆ ఫోటోలలోనే ఉంది.

అప్పుడే నన్ను హైదరాబాద్‌లో ఒకరోజు శిక్షణకు పంపారు. నాలుగు ఆఫీసులకూ కలిపి ఒకే ఫోల్డర్ పెట్టుకోవచ్చని, ఒక చోట వేసింది అన్ని చోట్లా కనబడుతుందని చెప్పారు. పొద్దుటి పాఠం శ్రద్ధగా విన్నాను. భోజనంలో పెరుగన్నం ఎక్కువైంది. తర్వాతి పాఠం సగం తూగుతూ విన్నాను. నాకు అర్థమైంది ఇది: ప్రతి కంప్యూటర్‌కూ తనదైన ఒక కాపీ వస్తుంది. అర్థం కానిది పెరుగన్నం తర్వాతి భాగంలో ఉండి ఉంటుంది.

నల్లగొండకు వచ్చి నాలుగు కంప్యూటర్లలోనూ, నా లాప్‌టాప్‌లోనూ దాన్ని పెట్టించాను. అందరికీ ఒకే మెయిలు, ఒకే పాస్‌వర్డు. వేరువేరుగా పెట్టుకుంటే ఎవరో ఒకరు మర్చిపోతారని నా ఆలోచన. దాంతో ఎవరు ఏం చేసినా సంఘమే చేసినట్టు కనబడేది.

మొదటి రోజు గుర్తుంది. అధ్యక్షుడు వచ్చి నా పక్కన కుర్చీలో కూర్చున్నాడు. తెర మీద ఖాళీ ఫోల్డర్. ఆత్మకూర్ గుమస్తాకు ఫోన్ చేసి, గోడకు ఒక చీర వేలాడదీసి ఫోటో తీసి వేయమన్నాను. చూస్తున్నాం. చిన్న గుర్తు ఒకటి గుండ్రంగా తిరిగింది. ఎర్రంచు చీర మా ముందుకు వచ్చింది. గోడ మీది మేకు కూడా కనబడుతోంది.

ముసలాయన కండ్లద్దాలు తీసి, భుజం మీది తువ్వాలతో తెరను తుడిచాడు.

"గిది ఆత్మకూర్ల ఉందా, ఈడ ఉందా?"

"రెండు తాన్ల ఉంది కాకా."

"ఒక్క చీర రెండు తాన్ల ఎట్లుంటది?"

"పైన మబ్బుల పెడ్తరట. ఆడికెళ్ళి అందరు చూస్తరట."

ఆయన పకపకా నవ్వాడు. "మన దిక్కు మబ్బు ఎన్నడన్నా ఆగిందా మేనేజర్ సాబ్? మొగులు మీద నమ్మకం లేకనే మేం వ్యవసాయం ఇడ్సిపెట్టి మగ్గం పట్టినం."

నవ్వినా, ఆ రోజు భోజనానికి ఇంటికి పోలేదు ఆయన. కొల్లాపూర్ నుంచి ఒకటి, ఆలేరు నుంచి ఒకటి తెప్పించుకొని చూస్తూ కూర్చున్నాడు. నేనూ అంతే. ఆపరేటరమ్మ తీసిన ఆయన డిజైన్ల ఫోటోలన్నీ కూడా ఆ వారమే అందులోకి జరిపించాను. ఆ తర్వాత చాలా రోజులు పనేమీ లేకున్నా ఆ ఫోల్డర్ తెరిచి పెట్టుకునేవాణ్ణి. కొల్లాపూర్ దిక్కు కృష్ణ ఒడ్డున ఎవరో ఒక మీట నొక్కితే ఇక్కడ నా బల్ల మీద ఒక నెమలి, ఒక గుడి గోపురం అంచు, ఒక మామిడిపిందె బుటా మెల్లగా రూపు కట్టేది. సినిమా హాలులో మొదటిసారి తెర వెలిగినప్పుడు చిన్నపిల్లాడు ఎట్లా నోరు తెరుస్తాడో అట్లా చూసేవాణ్ణి.

అందరికంటే ఎక్కువ దాన్ని వాడింది ఆలేరు రంగుల మాస్టర్. ముస్లిం పెద్దమనిషి. వాళ్ళ నాయిన కూడా రంగులే అద్దేవాడు. ఆయన తీరు వేరు. అద్దిన నూలు కొస ఒకటి చూపుడు వేలుకు చుట్టుకొని, ఎండలో పెట్టి ఫోటో తీసేవాడు. నీలం వేలు, పసుపు వేలు, దానిమ్మ తొక్క రంగు వేలు. ఫోల్డర్ నిండా ఆయన వేలే. "భాయ్, మీ వేలు చూసి చూసి మా ఇంట్లో పప్పు కలిపేటప్పుడు కూడా అదే యాదికొస్తుంది" అని నేనంటే, "గోరు చూడకుండ్రి సార్, రంగు చూడుండ్రి" అనేవాడు.

ఒకరోజు ఆపరేటరమ్మ ఒక వింత చూపించింది. ఆమె ఒక ఫోటో మీద బాణం పెట్టి ఉండగానే దాని పేరు దానంతట అదే మారిపోయింది. కొల్లాపూర్‌కు ఫోన్ చేస్తే అక్కడి గుమస్తా అప్పుడే ఆ పేరు మార్చానన్నాడు. అందరం నవ్వుకున్నాం. నేను కూడా నవ్వాను. ఆ రోజు నవ్వకుండా ఒక్క నిమిషం ఆలోచించి ఉంటే ఇదంతా రాయాల్సిన పని పడేది కాదు.

దసరా వచ్చింది. మా దిక్కు నేతగాళ్ళ ఇండ్లల్లో దసరాకు ముందు మగ్గం దులుపుతారు. నాడె, ఆసు అన్నీ కడిగి, పసుపు కుంకుమ పెట్టి, పూజలో ఉంచుతారు. పూజలో ఉన్న పనిముట్టును ఎవరూ ముట్టరు. ఆడవాళ్ళు వచ్చి మంచి గడియ చూసి పూజ లేపితేనే మళ్ళీ పని. ఆఫీసులో తక్కెడ, టేపు, కంప్యూటర్ వచ్చినప్పటి నుంచి కంప్యూటర్ కూడా అందులో చేరాయి. సెలవులకు ముందు రోజు నేను అందరినీ కూర్చోబెట్టి, ఈసారి కంప్యూటర్ బయటే కాదు లోపల కూడా దులపాలని చెప్పాను. ఎవరి కంప్యూటర్‌లో చెత్త వాళ్ళే తీయాలి.

ఆపరేటరమ్మ లేచి అడిగింది. "సార్, ఆ ఫోల్డర్ల తీస్తే అందరికి పోతదా?"

"ఎవరి కాపీ వాళ్ళదమ్మా. మనిల్లు ఊడిస్తే పక్కింట్ల చెత్త పోతదా?"

అందరూ నవ్వారు. ఆమె కూర్చుంది. అయినా ఆమెకు నమ్మకం కలగలేదు కాబోలు, కదిలిపోయి మసకబారిన ఫోటోలు మాత్రం ఏరి తీసింది. పక్క బల్ల దగ్గరి గుమస్తా అది చూశాడు. తర్వాత కంప్యూటర్లు ఆపి, బొట్లు పెట్టి, దండలు వేసి, తాళాలు వేసి ఇండ్లకు పోయాం.

మరుసటి రోజు ఇంట్లో నా భార్య అటకలు దులుపుతోంది. ఊరికే కూర్చున్నావని అనకముందే లాప్‌టాప్ ముందు పెట్టుకున్నాను. తెరవగానే జాగా నిండిపోయిందని ఎర్ర అక్షరాల్లో హెచ్చరిక. ఏం నిండిందని చూస్తే సంఘం ఫోల్డరే. ఇవన్నీ నల్లగొండలో ఉన్నాయి, ఆలేరులో ఉన్నాయి, ఆత్మకూర్‌లో, కొల్లాపూర్‌లో ఉన్నాయి. నా దగ్గర ఐదో కాపీ ఎందుకు? పాత డిజైన్లన్నీ పట్టి తీసేశాను. మాస్టర్ వేళ్ళు తీసేశాను. నూనెలో నానబెట్టిన నూలుతో నేసే తేలియా రుమాళ్ళ ఫోల్డర్ ఒక్కటి ఉంచాను, దాని ఆర్డరు నడుస్తోందని. ఎర్ర అక్షరాలు అయినా పోలేదు. చెత్తబుట్ట కూడా ఖాళీ చేయమన్నాయి. అవి చెప్పిన చోటికల్లా పోయి, అడిగిన ప్రతిదానికీ అవునని నొక్కి, ఉన్న చెత్తబుట్టలన్నీ ఖాళీ చేశాను. లాప్‌టాప్ మూసి దాని మీద పసుపు బొట్టు పెట్టాను. మనసు తేలికయింది. అది బాగా గుర్తుంది.

పండుగ అయి ఆఫీసు తెరిచిన రోజు నేను పోయేసరికి ఆపరేటరమ్మ కంప్యూటర్‌కు దూరంగా, గోడకు ఆనుకొని నిలబడి ఉంది.

"సార్, నేనేం ముట్టలే. ఆన్ చేసినప్పుడు అన్నీ ఉన్నయ్. నేను చూస్తుండంగనే పోతున్నయ్. ఒకటెనుక ఒకటి. ఎవరో లోపల కూసోని తీస్తున్నట్టే పోయినయ్."

తెర మీద తేలియా రుమాళ్ళు తప్ప ఏమీ లేవు. ఏదో వైరస్ అనుకున్నాను. అంతలో అధ్యక్షుడు అందరికీ ఇవ్వడానికి జమ్మి ఆకు జేబులో వేసుకొని వచ్చాడు. సంగతి విన్నాడు. చేతిలోకి తీసిన ఆకులు చేతిలోనే ఉండిపోయాయి.

"దసరా ముంగట తుడిచింది నువ్వే కద బిడ్డా?"

"మసకమసకగ ఉన్నయే తీసిన తాతా."

"నేను చూసిన కాకా," అన్నాడు పక్క బల్ల గుమస్తా. "చాన సేపు తీసుకుంటనే ఉండె."

"నా కండ్లున్నప్పుడు గీసిన బిడ్డా అవి. ఇప్పుడు మల్ల గీయమంటే యాడికెళ్ళి తేవాలె కండ్లు?" అరవలేదు ఆయన. అరిచినా బాగుండేది. "సాయంత్రం కమిటీ కూసుంటది. నీ సంగతి ఆడ్నే తేలుస్తం."

నేను ఆత్మకూర్‌కు ఫోన్ చేశాను. "పొద్దుగాల కనబడ్డయ్ సార్, ఇప్పుడు లేవ్" అన్నాడు గుమస్తా. కొల్లాపూర్‌లోనూ అదే మాట. ఫోన్ చేతిలో ఉండగానే నాకు తెలిసిపోయింది. కొల్లాపూర్‌లో పేరు మారిస్తే ఇక్కడ మారిన ఆ రోజు కండ్ల ముందు నిలిచింది. ఐదు కాపీలు లేవు. ఎప్పుడూ లేవు. ఉన్నది ఒక్కటే. ఐదు కిటికీల్లోంచి మేం చూసింది ఒకే గదిని.

భయం తర్వాత వచ్చింది. ముందు వచ్చింది దిగ్భ్రమ. నా ఇంట్లో, అన్నం తినే బల్ల మీద, భార్య దులిపిన దుమ్ముకు తుమ్ముతూ నేను ఒక వేలు కదిపాను. తాళాలు వేసిన ఆఫీసుల్లోకి, దండలు వేసిన యంత్రాల్లోకి ఆ వేలు పోయింది. వాటిని మేల్కొలిపే దాకా ఆగి, మేల్కొన్నాక ఊడ్చుకుపోయింది. ఆ ఫోల్డర్‌ను మొదటి రోజు చూసి నోరు తెరిచిన మనిషిని నేను. అది ఎంత పెద్దదో ఆ రోజు తెలిసింది.

నోరు మాత్రం తెరవలేదు.

మిగిలింది ఆలేరు. మాస్టర్‌కు ఫోన్ చేశాను.

"భాయ్, మీ కంప్యూటర్ ఆన్ చేసిన్రా?"

"యాడ సార్? ఇంక పూజల్నే ఉంది. మనోళ్ళ ఆడోళ్ళొచ్చి లేపాలె కద. బంతిపూలు గూడ వాడలె."

నాకు ప్రాణం లేచి వచ్చింది. "అయితే జర ఆన్ చేసి చూ..."

"వద్దు!" వెనక నుంచి ఆపరేటరమ్మ కేక పెట్టింది. "సార్, వద్దని చెప్పుండ్రి. నా దాంట్ల గూడ ముందుగాల ఉండె. ఆన్ చేసినంకనే పోయినయ్!"

"ఎవరు సార్ ఒర్లుతున్నరు?"

"ఏం లేదు భాయ్. ముట్టకుండ్రి. నేనొచ్చేదాక ఎవర్ని ముట్టనియ్యకుండ్రి."

"దండ ఏసిన దాన్ని నేనెట్ల ముడ్త సార్? మీరు ఫికర్ చేయకుండ్రి."

ఆమెను కూడా తీసుకుపొమ్మన్నాడు అధ్యక్షుడు. "ఏం చేసిందో చూడని" అన్నాడు. ఇద్దరం ఆలేరు బస్సెక్కాం. నా సంచిలో కాపీ చేసుకునే ఖాళీ డిస్కు ఉంది. ఆమె కిటికీ దగ్గర కూర్చుంది. కొంగు కొసను వేలికి చుట్టుకుంటోంది, విప్పుతోంది. సాయంత్రం కమిటీ ముందు నిలబడాలి. ఆమెను చూడలేక ఏదో ఒకటి ధైర్యం చెప్పాలనిపించింది.

"అన్నీ పోలేదు కదమ్మా. తేలియా రుమాళ్ళున్నయ్. అవి నేను ముట్టలే."

మాట బయటికి వచ్చాక గానీ నేనేమన్నానో నాకు వినబడలేదు. కొంగు చుట్టుకుంటున్న వేలు ఆగింది. ఆమె నా వైపు తిరిగి చూసింది. ఏదో అడగబోయినట్టు పెదవి కదిలింది. అడగలేదు. మళ్ళీ కిటికీ వైపు తిరిగింది. పత్తి చేన్లు, గుట్టలు వెనక్కి పోతున్నాయి. బస్సు చప్పుడులో వినబడి ఉండదులే అని నాకు నేను చెప్పుకున్నాను.

ఆలేరు షెడ్డులో రంగు కాగుల పక్కన, ఎత్తుపీట మీద కంప్యూటర్ ఉంది. నుదుట బొట్టు, మెడలో బంతిపూల దండ, ముందు కొట్టిన కొబ్బరికాయ. మాస్టర్ తలకు రుమాలు కట్టుకొని దాని పక్కనే స్టూలు వేసుకొని కాపలా ఉన్నాడు. పూజ లేపడానికి ఆడవాళ్ళను పిలిపించాడు. వాళ్ళు గొణుగుతూ వచ్చారు.

"గడియ చూడకుంటనే లేపుమంటరా? ఇదేం పద్ధతి మాస్టర్?"

"డిజైన్లు పోతే మగ్గం మీద ఏం నేస్తవ్ అక్కా? గడియ నేస్తవా?"

"నీకేం తెలుసు మా పూజ సంగతి."

"తెల్వకనే కద పొద్దుగాలసంది కావలి కూసున్న."

నవ్వుకుంటూనే ఒకామె దండ తీసింది, నీళ్ళు చిలకరించి దండం పెట్టింది. నెట్ వచ్చే పుల్లలాంటి దాన్ని నేను కంప్యూటర్ నుంచి పీకాను. మాస్టర్ దాన్ని తన అంగీ జేబులో వేసుకొని గుండీ పెట్టాడు. అంతటితో ఆయనకు నమ్మకం కుదరలేదు. షెడ్డు దాటి, వాకిలి దాటి, రోడ్డు మీదికి పోయి నిలబడ్డాడు.

"ఇంక దూరం పోవాల్నా సార్?"

"చాలు భాయ్!"

మీట నొక్కాను. పాత కంప్యూటర్. చాలాసేపు గురగురమంది. ఆడవాళ్ళు నా భుజాల మీదుగా తొంగి చూస్తున్నారు. ఆపరేటరమ్మ వాళ్ళ వెనక, రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకొని. ఫోల్డర్ తెరుచుకుంది.

ముందు వేళ్ళు వచ్చాయి. నీలం వేలు, పసుపు వేలు, దానిమ్మ తొక్క వేలు. వాటి వెనక నెమళ్ళు, గోపురాలు, మామిడిపిందెలు. ముసలాయన ఏ వయసులో గీశాడో, గడి తప్పకుండా నింపిన ఎరుపులు, నలుపులు. అన్నీ ఉన్నాయి. లోకమంతా పోయిన సంగతి తెలియకుండా, దండ కింద, చీకట్లో, అట్లాగే ఉన్నాయి. ఏ అలవాటు మీద దులపబోయి నేను పోగొట్టానో, అదే అలవాటు ఇక్కడ ఇంకొకరి చేయి పడకుండా ఆపింది.

"వో! గిది మా అత్త పెండ్లి చీర బొమ్మ!" అందొకామె. ఇంకొకామె తెర మీద వేలు పెట్టి గళ్ళు లెక్కపెట్టడం మొదలుపెట్టింది. ఎవరూ గడియ సంగతి ఎత్తలేదు. వెనక్కి తిరిగితే ఆపరేటరమ్మ ఏడుస్తోంది, నవ్వుతోంది. ఆమె కండ్లలో కోపం కోసం వెతికాను. ఆ క్షణంలో ఆమె నన్ను చూడనే లేదు. తెరనే చూస్తోంది.

డిస్కులోకి అన్నీ ఎక్కించుకొని సాయంత్రానికి నల్లగొండ చేరాం. కమిటీ కూర్చుంది. అధ్యక్షుడు నన్ను వాటేసుకున్నాడు. "నువ్వు లేకుంటే నేను గుడ్డోణ్ణయిపోయేటోణ్ణి మేనేజర్ సాబ్" అన్నాడు. అప్పుడు చెప్పాల్సింది. ఒక్క మాట. ఆమె తలుపు దగ్గర నిలబడి నా ముఖం వైపే చూస్తోంది. నేను డిస్కు బల్ల మీద పెట్టి, కొత్త డిజైన్లను ఇక మీద రెండు చోట్ల దాచాలని మాట్లాడాను. డిజైన్లు దొరికాయి కాబట్టి ఆమెను ఏమీ అనకుండా, కాంట్రాక్టు ముగిశాక మళ్ళీ తీసుకోవద్దని తీర్మానించారు. తీర్మానం నేనే రాశాను.

తర్వాత మహాసభలో నాకు శాలువా కప్పారు. సంఘం మగ్గం మీద నేసిందే. అప్పటికి ఆమె ఉద్యోగంలో లేదు.

ఈ మధ్య సంఘంలో కొత్త పిల్లలకు ఫోల్డర్ గురించి చెప్పడానికి నన్ను పిలిచారు. ఉద్యోగం మానేసి చాలా కాలమైనా అట్లాంటి వాటికి పిలుస్తూ ఉంటారు. విరామంలో ఒక అమ్మాయి, ఆ మేనేజర్‌ను నేనేనని తెలియక, నాకే ఆ కథ చెప్పింది. ఈసారి దానికో తోక చేరింది. "ఆమె కావాల్ననే చేసిందట సార్. జీతం పెంచలేదని పగ వట్టి." నేను ఇరవైసార్లు విన్న కథలో ఈ మాట ఎన్నడూ లేదు. నేను వదిలేసిన అబద్ధం తనంతట తాను పెరుగుతోంది. ఒక చోట వేస్తే అన్ని చోట్లా వచ్చే ఆ ఫోల్డర్ లాగే.

వెతుక్కుంటూ మహబూబ్‌నగర్ పోయాను. ఆమె ఇప్పుడు అక్కడ ఒక బడి ఆఫీసులో పనిచేస్తోంది. సొంత ఊరి దిక్కే వచ్చి కుదురుకున్నారు. ఇంటి ముందు గచ్చు మీద వాళ్ళ అత్తమ్మ చేటలో కందిపప్పు ఏరుతోంది. ఆమె నన్ను గుర్తుపట్టి కుర్చీ వేసింది. నీళ్ళిచ్చింది. నేను దారి పొడుగునా కూడగట్టుకున్న మాటలన్నీ పోయి, "అప్పుడు తుడిచింది నేను" అని మాత్రం అన్నాను.

"తెలుసు సార్. బస్సుల్నే తెలిసింది."

"మరి అప్పుడే ఎందుకు..."

"డిస్కు మీ సంచిల ఉండె. నేనడుగుతే మీరు భయపడి నడుమల మోత్కూర్ల దిగి ఎల్లిపోతరేమోనని. ముందుగాల తాత బొమ్మలు దొరకాలె కద." మామూలుగా, నిన్నటి కూర గురించి చెప్పినట్టు చెప్పింది. "సాయంత్రం కమిటీల మీరే చెప్తరనుకున్న. చెప్పలే. శాలువ కప్పేటప్పుడు చెప్తరనుకున్న. ఎవరో ఫోటో పంపిండ్రు. మీ మొఖం చూస్తే చెప్పినట్టు అనిపియ్యలే."

తన పని పోతుందని తెలిసిన మనిషి, ఆ బస్సులో, ముందు దేని గురించి ఆలోచించిందో నాకు అప్పుడు తెలిసింది. నేను రెండు జిల్లాల ఆవలికి పోయే వేలును చూసి ఆశ్చర్యపోయినవాణ్ణి. నా పక్క సీట్లో కూర్చున్న మనిషిని చూడలేదు.

"ఇప్పుడు నేనేం చేయాలమ్మా?"

"నాకేం వద్దు సార్. మా అత్తమ్మకు చెప్పుండ్రి. గిన్నె జారి కింద పడ్డా, ఉప్పు ఎక్కువైనా, 'కంప్యూటర్ల తుడిచినదానివి, నీకేం చాతనైతది' అంటది. ఇన్నేండ్లసంది అదే పాట."

ముసలమ్మ చేట ఆపి మమ్మల్నే చూస్తోంది. పోయి ఆమె ముందు గచ్చు మీదే కూర్చున్నాను. చెప్పాను. ఫోల్డర్ అంటే ఏమిటో చెప్పబోతే చేయి ఊపింది.

"అదంత నాకెందుకు? తుడిచింది నువ్వా, ఇదా?"

"నేనే అమ్మా."

"నువ్వు తుడిచి, దీని మీద ఏసినవ్. నాతోని ఇన్ని మాటలనిపిచ్చినవ్." కోడలి వైపు తిరిగింది. "నువ్వన్న చెప్పద్దానే?"

"చెప్పిన అత్తమ్మా. నువ్వు ఇనలే."

"ఇనలే," అని ఒప్పుకుంది ముసలమ్మ. కాసేపు పప్పులోంచి రాళ్ళు ఏరి దూరంగా విసిరింది. తర్వాత నన్ను అడిగింది. "గా శాలువ యాడుంది?"

"ఇంట్ల బీరువాల ఉంది."

"తేపో. దీనికి నేను కప్పుత."

కోడలు "ఎందుకత్తమ్మా" అంటూ లోపలికి పోయింది. చాలాసేపు బయటికి రాలేదు. వచ్చినప్పుడు ముఖం కడుక్కొని ఉంది.

మరుసటి వారం శాలువా తీసుకుపోయి ఇచ్చాను. ముసలమ్మ దాన్ని దులిపి, మడతలు సరిచేసి, పక్కింటివాళ్ళను పిలిచి మరీ కప్పింది. అదేమిటో నన్నే చెప్పమంది. వాళ్ళ ముందు మళ్ళీ మొదటి నుంచి చెప్పాను.

అయినా నాలుగు ఆఫీసుల్లో కథ అట్లాగే ఉంది. అందుకని ఇంత పొడుగ్గా కాదు, ఒక పేజీ రాశాను. ఎవరు తుడిచారో, ఎవరి కేక వల్ల మిగిలాయో. అధ్యక్షుడు బతికి ఉంటే ముందు ఆయనకు చదివి వినిపించేవాణ్ణి. దాన్ని ఎవరి చేతికీ ఇవ్వలేదు. నా దగ్గర ఆ ఫోల్డర్ ఇంకా తెరుచుకుంటుంది. పొద్దున ఆఫీసులు తీసే వేళకు ఆ పేజీకి నా పేరు పెట్టి అందులో వేశాను. చిన్న గుర్తు గుండ్రంగా తిరగసాగింది. మొదటి రోజు ఎర్రంచు చీర వచ్చినప్పటిలాగే ఊపిరి బిగబట్టి చూశాను. అది తిరుగుతున్నంతసేపూ వెనక్కి తీసుకోవచ్చని తెలుసు. తిరగడం ఆగి, ఆకుపచ్చ గుర్తు పడింది.

కాసేపటికి ఫోన్ మోగింది. ఆలేరు మాస్టర్. వయసు మీద పడ్డా ఇంకా షెడ్డుకు వస్తూనే ఉన్నాడు.

"సార్, ఫోల్డర్ల కొత్తదొకటి వచ్చింది. దానికి మీ పేరు పెట్టి ఉంది. తెరవాల్నా, ఆగాల్నా?"

"తెరువుండ్రి భాయ్."

అవతల రంగు కాగు కింద కట్టెలు చిటపటమంటున్న చప్పుడు వినబడుతోంది. ఆయన చదువుతున్నాడు. నేను ఫోన్ పెట్టకుండా ఆగాను.